విడి రేకుల కాపురం

"విడి రేకులు" అన్నాడు అద్దాలాయన ఫోనులో. అక్కయ్యకి "విడాకులు" అని వినపడింది.

తప్పు తమ్ముడిదీ కాదు, అక్కదీ కాదు, సానరాయిది. ఆ సమయానికి అద్దాలాయన తన కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరో దగ్గరచూపు పెద్దమనిషి కోసం అద్దం అంచు అరగదీస్తున్నాడు. సరిగ్గా "విడి" అన్న తర్వాత రాయి గుర్రుమంది. మధ్యలో ఉన్న "రే"ని నమిలి మింగేసింది. పుట్టిన దగ్గర్నుంచీ తమ్ముణ్ణి "ఒరే, ఒరే" అంటూ వచ్చిన అక్కయ్యకి, తీరా అవసరమైనప్పుడు ఒక్క "రే" కరువైపోయింది.

"ఏంటీ? ఏం కావాలన్నావ్?"

"అదేనే, విడి... గుర్ర్... కులు. మామయ్యగారిని అడుగుదామనుకుంటున్నా."

అక్కయ్య గొంతు తగ్గించింది.

"అమ్మాయికి తెలుసా?"

"తెలీకుండా ఎలా ఉంటుందక్కా? తనకీ విసుగొచ్చేసింది. ఏడేళ్ళ నుంచీ చూస్తోంది కదా. ఏదో ఒకటి తేల్చెయ్యండి అంది."

"ఏడేళ్ళ నుంచా!"

"అవును మరి. ఒక్కసారి చేశామంటే మళ్ళీ వెనక్కి తీసుకోలేం. అందుకే ఇంత ఆలోచన. నువ్వూ బావా ఆదివారం రండి. అందరూ తలో చెయ్యీ వెయ్యాలి. నేనొక్కణ్ణీ పట్టుకోలేను."

"వస్తానురా," అంది అక్కయ్య. "రాకుండా ఎలా ఉంటాను!"

అక్కయ్య సామాన్యురాలు కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్ళు కూర్చుని ఊళ్ళో అందరి మాటలూ అందరికీ కలిపిన మనిషి. చెవులకి రిటైర్మెంటు లేదని ఆవిడ నమ్మకం. "నాకు తప్పు వినపడిందంటే, అవతలివాళ్ళు తప్పు మాట్లాడారన్నమాట" అంటుంది. కాబట్టి తనకి వినపడింది మరోసారి సరిచూసుకోవలసిన అవసరం ఆవిడకి కనపడలేదు. ఫోను పెట్టేసి, మళ్ళీ ఎత్తి, సరాసరి తమ్ముడి మామగారికి చేసింది.

అద్దాలాయనకి ఈ సంగతి తెలియదు. అతని బుర్రలో ఉన్నదల్లా జిగురు.

ఏడేళ్ళుగా అతను ఇంటి వెనక షెడ్డులో సొంతంగా ఒక కారు కడుతున్నాడు. ఎందుకయ్యా అంటే, "ఒక్కో మొహానికి ఒక్కో ఫ్రేము ఇచ్చేవాణ్ణి, నా మొహానికి తగ్గ కారు నేను కట్టుకోకూడదా?" అంటాడు. ఉక్కు గొట్టాలతో ఎముకల గూడు తయారైంది. ఇంజను దాని గుండెలో కూర్చుంది. ఇక మిగిలింది ఒంటిమీద చర్మం. అంటే అయిదు అల్యూమినియం రేకులు. రెండు పక్కలా రెండు, ముందొకటి, వెనకొకటి, పైన కప్పు.

ఆ రేకులు కొట్టింది మామగారు. నలభై ఏళ్ళు బస్సు బాడీలు కట్టిన చెయ్యి అది. అల్లుడి కోసం, రిటైరయ్యాక, కొయ్యసుత్తితో టకటకమంటూ ఒక్క కప్పు మీదే పదకొండు నెలలు కూర్చున్నాడు. దాని మీద వేలు పెడితే ఎక్కడా ఆగదు, నీటిబొట్టులా జారిపోతుంది. అయితే ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన చేతులకి వణుకు వచ్చింది. ఇప్పుడాయన టీ కప్పు పట్టుకుంటే సాసరు పాట పాడుతుంది. ఇక కారు కప్పు రెండోది కొట్టే మాట కల్ల.

అద్దాలాయన భయమంతా అదే. అతికించాక ఊడదీస్తే రేకు వంకరపోతుంది. అతికింది ఊడిపోతే, రోడ్డు మీద గాలికి లేచిపోతుంది. ఎటు పోయినా పోయేది మామగారి పదకొండు నెలలు. ఉన్నది ఒక్క కప్పు, దొరికేది ఒక్క అవకాశం.

పోనీ అతికించడం మానేసి ఇంకేదైనా చేద్దామా అంటే, ఇంట్లో మూడు మతాలున్నాయి. మామగారిది రివెట్టు మతం. "రివెట్టు పెట్టు, ఒట్టు పెట్టినట్టు" అంటాడు. కానీ కప్పుకి నూట ఇరవై రివెట్లంటే నూట ఇరవై చిల్లులు. తను కొట్టిన రేకుని తనే తూట్లు పొడవమంటున్నాడా మహానుభావుడు! భార్యది కుట్టు మతం. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగంమందికి బట్టలు కుడుతుంది. "కుట్టు కనపడకపోతే నమ్మకమేంటండీ?" అంటుంది. అద్దాలాయనది జిగురు మతం. ఆ మతంలో అతనొక్కడే భక్తుడు. దేవుడెవరో మాత్రం ఇంకా తేలలేదు.

దేవుణ్ణి వెతుక్కుంటూ జిగురు కొట్టుకి వెళ్ళాడు.

"ఏం అతికించాలి?" అన్నాడు కొట్టాయన.

"ఉక్కు గొట్టానికి అల్యూమినియం రేకు."

"ఎంతకాలం ఉండాలి?"

"నేనున్నంత కాలం."

"తమరెంతకాలం ఉంటారు?"

కొట్టాయన మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది ఎపాక్సీ. రాయిలా గట్టిపడుతుంది. కానీ ముక్కోపి. వంచారో, టప్పున తెగుతుంది. ఇది మెథాక్రిలేట్. దీని పేరు పూర్తిగా పలికేలోపు గట్టిపడుతుంది. వాసన కూడా గట్టిదే. ఇదేమో పాలీయురెథేన్. నిదానం, మెత్తన, సాగుతుంది. ఉక్కుకంటే అల్యూమినియం ఎండకి ఎక్కువ సాగుతుంది కదండీ, మధ్యలో ఉన్నది ఆ తేడా ఓర్చుకోవాలి. జిగేల్మనేదల్లా జిగురు కాదు. ముందు విడి రేకు ముక్కల మీద పరీక్ష చేసుకోండి. అదే రేకు అయితే మంచిది."

మూడూ ఒక్కో గొట్టం కొనుక్కుని, తను ముందే అనుకున్న ఆ విడి ముక్కల కోసం మామగారింటికి వెళ్ళాడు.

మామగారు వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కన బల్ల మీద టీ. ఎదురుగా గోడకి ఆనించి, దుప్పటి కప్పిన కారు కప్పు.

"రండి అల్లుడుగారూ" అన్నాడు.

మామూలుగా "ఏరా అల్లుడూ" అనే మనిషి "రండి" అన్నాడంటే ఏదో తేడా వచ్చింది.

"మామయ్యా, మిమ్మల్నొకటి అడగాలని..."

"తెలుసు. మీ అక్కగారు ఫోను చేశారు."

"అమ్మయ్య, చెప్పేసిందా? మంచిదైంది. మీకు నచ్చదని నాకు తెలుసు. కానీ మామయ్యా, రెండూ ఒక స్వభావం కాదు. వేడెక్కిందంటే ఒకటి సాగుతుంది, రెండోది సాగదు. బలవంతంగా బిగించి ఉంచితే ఎప్పుడో ఒకనాడు చిరుగుతుంది."

"సర్దుకోవాలండీ," అన్నాడు మామగారు. సాసరు పాట మొదలైంది. "లోకంలో అందరూ సర్దుకోవడం లేదూ?"

"అదే నేననేది! సర్దుకునే గుణం ఉన్నదాన్ని మధ్యలో తెస్తే..."

"మధ్యలో ఇంకోటా!"

"ఒకటి కాదండీ, మూడు చూశాను."

"మూడా!"

ఇక్కడ మన భాష ఒక చిలిపి పని చేస్తుంది. మనకి బల్ల కూడా 'అది'యే, భామ కూడా 'అది'యే. జిగురు ఎలా వస్తుందో జవరాలూ అలాగే వస్తుంది. అద్దాలాయన అమాయకంగా వేళ్ళు మడిచాడు.

"మొదటిది ముక్కోపి. కాస్త వంచబోతే తెగతెంపులే. రెండోదానికి తొందర జాస్తి, పైగా ఒకటే వాసన. మూడోది మెత్తన, నిదానం, ఎంతైనా ఓర్చుకుంటుంది. నాకు దాని మీదే మనసుంది. ఖాయం చేసేముందు ఇంట్లో పెట్టి నాలుగు రోజులు చూద్దామని."

"ఇంట్లోనే పెట్టి!"

"షెడ్డులో పెడితే దుమ్ము కదండీ."

టీ సగం సాసరులో, సగం పంచె మీద పడింది. మామగారు కప్పు కింద పెట్టి, గోడ దగ్గరున్న కప్పుకేసి చెయ్యి చూపించాడు.

"ఆ కప్పు నేనివ్వను. నా కూతురు తన నోటితో అడిగితే తప్ప అది నా గడప దాటదు."

'రివెట్ల పంతం!' అనుకున్నాడు అద్దాలాయన. పెద్దాయనతో వాదన ఎందుకని లేచాడు. గుమ్మం పక్కన తట్టలో, కప్పు కత్తిరించగా మిగిలిన ముక్కలు కనపడ్డాయి.

"ఈ ముక్కలు తీసుకెళ్తున్నా మామయ్యా."

"తీసుకెళ్ళండి," అన్నాడు మామగారు మొహం తిప్పుకుని. "మిగిలింది ముక్కలేగా."

ఆ నాలుగు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. అద్దాలాయన రేకు ముక్కల్ని గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్నీ ఒక్కో జిగురుతో ఉక్కుపట్టీకి అతికించి, మీద నంబర్లు రాశాడు. కొన్నిటిని మరిగే నీళ్ళలో వేశాడు. కొన్నిటిని ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పడుకోబెట్టాడు. కొన్నిటిని కిటికీ ఊచలకి కట్టి, కింద ఇస్త్రీపెట్టె వేలాడదీశాడు.

"ఏమండీ, నా ఇస్త్రీపెట్టె ఉరేసుకుందేంటి?" అంది భార్య.

"పట్టు చూస్తున్నా."

"ఇస్త్రీ లేకపోతే రేపు నా గిరాకీలు మిమ్మల్ని పట్టుకుంటారు. అప్పుడు చూద్దురుగాని పట్టు."

కొట్టాయన మాటలు వట్టివి కాలేదు. ఒకటో నంబరు ఇస్త్రీపెట్టెని మోసింది, దానికి తోడు రుబ్బురాయినీ మోసింది. కానీ రేకు అంచు పట్టి కాస్త వంచేసరికి టప్పుమంది. రెండో నంబరు అతను ముక్క సరిచేసేలోపే గట్టిపడి, వంకరగా అతుక్కుని, మరిక కదలనంది. అంత పెద్ద కప్పుని ఆ కాస్త సమయంలో సరిగ్గా కూర్చోబెట్టడం మనుషుల పని కాదు. మూడో నంబరు వేడికి ఓర్చింది, చలికి ఓర్చింది. బరువుకి మాత్రం పీచులు పీచులుగా సాగి చిరిగిపోయింది.

అద్దాలాయన షెడ్డులో ఖాళీ డబ్బా మీద కూలబడ్డాడు. మూడు గొట్టాలూ అయిపోయాయి. దేవుడు దొరకలేదు.

భార్య పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకుని వచ్చింది. చిరిగిన ముక్క తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. సూది తీసి జాకెట్టు అంచున గుచ్చుకుంది.

"అతికించేటప్పుడు గట్టిగా అదిమారా?"

"బల్ల వేసి దానిమీద నేనే నిలబడ్డా."

"అదీ సంగతి! జిగురంతా పక్కలకి కారిపోయింది. లోపల మిగిలింది ఉల్లిపొర. అదేం సాగుతుంది పాపం? చంక దగ్గర వదులు ఉంచకుండా కుడితే చెయ్యెత్తగానే చిరగదూ? దీనికీ వదులు కావాలి."

"వదులు అంటే?"

"రేకుకీ గొట్టానికీ మధ్య కాస్త ఎడం. ఎక్కడ చూసినా ఒకే మందం." లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి అతని ఒళ్ళో గలగలా గుమ్మరించింది. చొక్కా గుండీలు. బల్లపరుపుగా, పలచగా, అన్నీ ఒకే కొలత. "వీటిని గొట్టం మీద జానెడుకొకటి పెట్టి, మధ్యలో జిగురు వెయ్యండి. మీరు ఎంత అదిమినా గుండీ దాకా వచ్చి రేకు ఆగుతుంది. గుండీల చిల్లుల్లోకి కూడా జిగురు దిగుతుంది."

అద్దాలాయన ఒక గుండీ తీసుకుని తన కొలత పరికరంలో పెట్టి చూశాడు. రెండు మిల్లీమీటర్లు. ఉక్కూ అల్యూమినియమూ నేరుగా తగిలితే తడికి ఒకదాన్నొకటి తినేసుకుంటాయన్న భయం కూడా దీంతో తీరిపోయింది.

"గుండె ఉన్నవాళ్ళకే గుండీలుంటాయే!"

"పొగడ్త తర్వాత. నలభై గుండీలు లెక్కపెట్టుకోండి."

మర్నాడే మరో గొట్టం తెచ్చి, గుండీలు పెట్టి అతికించాడు. ఎండిన తర్వాత ముక్కని వంచాడు, మెలిపెట్టాడు, ఇస్త్రీపెట్టెతో పాటు కుట్టుమిషను తలకాయ కూడా తగిలించాడు. సాగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, వదల్లేదు. వదులుంటేనే వదలదని అద్దాలాయనకి ఆ రోజు తెలిసింది.

"మరి కప్పు?" అంది భార్య.

"మీ నాన్న ఇవ్వనంటున్నారు. నువ్వడిగితేనేనట. రివెట్ల మీద పంతం."

భార్య ఫోను తీసింది. "నాన్నా, ఆదివారం కప్పు పట్టుకురా."

అటునుంచి మెల్లగా, "నీకిష్టమేనా తల్లీ?" అని వినపడింది.

"ఇష్టమేంటి నాన్నా, మూడోదాన్ని నిలబెట్టిందే నేను. నువ్వు రా."

ఆదివారం పొద్దున్నే మామగారు వచ్చాడు. చిన్న వ్యానులో, దుప్పట్లో చుట్టిన కప్పుని పసిబిడ్డలా పట్టుకుని. కూతురి తల మీద చెయ్యి వేసి, "నీ అంత ఓర్పు భూమికి కూడా లేదమ్మా" అన్నాడు. రోజూ జిగురు వాసన భరిస్తున్నందుకు కాబోలు అనుకుందావిడ.

షెడ్డులో గొట్టాల మీద గుండీలు వరసగా కూర్చున్నాయి. అద్దాలాయన తుపాకీలాంటి దానిలో జిగురు గొట్టం బిగించి, నల్లటి జిగురుని తాడులా వేసుకుంటూ కప్పు చుట్టుకొలతంతా తిరిగి వచ్చాడు. జిగురు మీద పొర కట్టేలోపు ఇక నలభై నిమిషాలు. ఆ లోపల కప్పు కూర్చోవాలి, అంచులు కలవాలి. మర తిప్పి బిగించే క్లాంపులు పెడితే మెత్తటి రేకు మీద గాట్లు పడతాయి. అందుకని జిగురు పట్టేదాకా పావుగంట అరచేతులతో అదమాలి. ఆ తర్వాత, భార్య కుట్టిన ఇసుకసంచులు పేర్చి మర్నాటి వరకూ వదిలెయ్యాలి.

ముగ్గురూ కలిసి కప్పు ఎత్తి దించారు. ఏడేళ్ళుగా ఎముకల గూడులా ఉన్నది ఒక్కసారిగా కారైంది. కప్పుకి నాలుగు వైపులు, మనుషులు ముగ్గురే. వెనకవైపు వెంట్రుకవాసి లేచి ఉంది.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడైంది.

"ఒరేయ్!" అంటూ అక్కయ్య వచ్చింది. ఆవిడ వెనక పెట్టె మోసుకుంటూ బావ.

"అక్కా, మాట్లాడకు! చేతితొడుగులు వేసుకుని అటు పట్టుకో!"

ముప్పై రెండేళ్ళు "లైన్లో ఉండండి" అని ఊరందరికీ చెప్పిన మనిషి, ఒకరు గట్టిగా ఆజ్ఞాపిస్తే అలవాటు కొద్దీ లైన్లోకి వచ్చేసింది. తొడుగులు వేసుకుని వెనకవైపు అరచేతులు ఆనించింది. బావ పెట్టె కింద పెట్టి ఆవిడ పక్కన చేరాడు. లేచిన అంచు కూర్చుంది.

"పావుగంట. ఎవరూ కదలకూడదు."

"కదలను," అంది అక్కయ్య. "కానీ అడక్కుండా ఉండలేను. విడాకులిచ్చేవాడికి కారెందుకురా? ఎవర్ని ఎక్కిస్తావ్ ఇందులో?"

"ఎవరిస్తున్నారు వదినా?" అంది భార్య కప్పు అవతలి నుంచి.

"నీ మొగుడే! నీకే!"

భార్య చేతులు సడలబోయాయి.

"వదలకండి!" అని అరిచాడు అద్దాలాయన.

"ఆ మాటే నువ్వు ఆవిడ విషయంలో పాటించు బావమరిదీ" అన్నాడు బావ.

"అసలేం మాట్లాడుతున్నారు మీరు? మామయ్యా, మీరైనా చెప్పండి!"

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "నేనేం చెప్పను అల్లుడుగారూ? మూడు చూశానన్నారు. మూడోదాని మీద మనసుందన్నారు. ఇంట్లో పెట్టి చూస్తానన్నారు. నా తల్లి దానికి కూడా ఒప్పుకుంది."

షెడ్డులో అయిదుగురు మనుషులు, పది చేతులు, ఒక్క కప్పు. ఎవరికీ ఎటూ కదిలే వీల్లేదు. పారిపోవడానికి లేదు, కొట్టుకోవడానికి లేదు, ఆఖరికి తల బాదుకోవడానికి కూడా లేదు. ఆ జిగురు లేకపోతే ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగేదో చెప్పలేం. కదలడానికి లేక, అందరూ ఆలోచించడం మొదలుపెట్టారు.

"అక్కా," అన్నాడు అద్దాలాయన నెమ్మదిగా. "నేను నీతో ఫోనులో అన్నదేంటి?"

"విడాకులు కావాలి, మామయ్యగారిని అడుగుతానన్నావ్. ఈ చెవులతో విన్నాను."

"విడాకులకి మామగార్ని అడుగుతారా ఎవరైనా?"

"అదే నాకూ వింతగా తోచింది."

"అక్కా, నేనన్నది విడి రేకులు. రే. కులు. జిగురు పరీక్ష చెయ్యడానికి రేకు ముక్కలు! సానరాయి తిరుగుతోంది అప్పుడు."

అక్కయ్య పెదాలతో "రే... కులు" అని కూడబలుక్కుంది.

"మరి ఆ మూడోది?" అన్నాడు మామగారు.

"మీ అరచేతి కింద ఉంది మామయ్యా."

మామగారు కిందికి చూశాడు. రేకు అంచున నల్లగా, నిగనిగలాడుతూ, మెత్తగా బయటికి తొంగి చూస్తోంది మూడోది. ఆయన దాన్ని కాసేపు తేరిపార చూశాడు.

"ఎంతైనా ఓర్చుకుంటుందన్నారు, ఇదేనా?"

"అదే."

"ముక్కోపి?"

"అది మొదటిది. చెత్తబుట్టలో ఉంది."

మామగారికి నవ్వు కడుపులోంచి బయల్దేరి భుజాల దాకా వచ్చింది. భార్యకి కూడా అప్పుడే అంతా అర్థమై, తండ్రి తన తల మీద చెయ్యి ఎందుకు వేశాడో గుర్తొచ్చి, నుదురు కప్పు మీద ఆనించి నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వకండి, కప్పు కదులుతుంది!"

కదల్లేదు. అద్దాలాయన వంగి చూశాడు. మామగారి చేతులు రేకు మీద నిశ్చలంగా ఉన్నాయి. నలభై ఏళ్ళ అలవాటు, రేకు తగిలితే చాలు వణుకు మరిచిపోయినట్టుంది.

"జిగురు లేచిందంటే మూలల దగ్గరే లేస్తుంది మామయ్యా. రేపు నాలుగు మూలలా నాలుగు రివెట్లు మీరే కొట్టాలి."

"ఏరా అల్లుడూ, ఆ ముక్క ముందే అనొచ్చుగా!" అన్నాడు మామగారు. "ఏరా" వినపడగానే అద్దాలాయన ప్రాణం కుదుటపడింది.

"లైను బాలేదు," అంది అక్కయ్య గోడకేసి చూస్తూ.

"ముప్పై రెండేళ్ళలో మొదటి రాంగ్ నంబరు" అన్నాడు బావ.

"మీరు మీ చేతులు చూసుకోండి. ఒరే తమ్ముడూ, ఈ పెట్టెలో నెలరోజులకి బట్టలు తెచ్చుకున్నాను, నీ కాపురం నిలబెడదామని. ఇప్పుడేం చెయ్యను?"

"ఉండక్కా. ఇంకా నాలుగు రేకులున్నాయి."

"విడివేనా?"

"విడివే. 'రే'తో సహా."